చెరిసగం వేసుకున్న మందు

మా గదికి తిన్నగా వచ్చినవాళ్ళు నా సర్వీసు మొత్తం మీద బహు తక్కువ. అందరూ ముందు పక్కనున్న పళ్ళ డాక్టరు గది ముందర బల్ల మీద కూర్చునేవారు. బుగ్గ మీద చెయ్యేసుకుని, మొహం వేలాడేసుకుని, కాసేపు పన్ను నొప్పి నటించేవారు. వరండాలో తెలిసిన మొహం ఏదీ లేదని రూఢి చేసుకున్నాక చటుక్కున లేచి మా తలుపు తోసుకుని లోపల పడేవారు. ఒకసారి పళ్ళ డాక్టరు గారు అలా కూర్చున్న ఒకాయన్ని తనే పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, పుచ్చిన పన్నొకటి కనిపిస్తే పీకేశారు. ఆయన మా గదిలోకి వచ్చేసరికి నోట్లో దూది.

"పన్ను నొప్పి కాదని చెప్పెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

"ఎలా చెప్పనండీ? పక్కనే మా వియ్యంకుడు గారున్నారు" అన్నాడాయన దూది పక్కకి నెట్టుకుంటూ.

అది సుఖవ్యాధుల క్లినిక్. నేనందులో కౌన్సిలర్‌ని. పాలకొల్లుకి బస్సు దూరంలో ఉన్న ఒక ఊరి సర్కారు ఆస్పత్రి. అంతకు మించి ఆనవాళ్ళు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. రిటైరైనా ఆ ఒట్టు ఒట్టే. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. ఓడిపోయినవి బోలెడున్నాయి. అవి ఎవర్నడిగినా చెబుతారు. నేను గెలిచింది చెబుతాను. గెలిచినా నలుగురికీ చెప్పుకోడానికి వీల్లేని ఉద్యోగం చేశాను, ఆ ముచ్చట ఇన్నాళ్ళూ కడుపులోనే ఉండిపోయింది.

మా గదిలో ముగ్గురం. చర్మవ్యాధులు, సుఖవ్యాధులు రెండూ చూసే డాక్టరు గారు, ల్యాబ్ టెక్నీషియన్ గారు, నేను. డాక్టరు గారి మనసు వెన్న, గొంతు మాత్రం జాతరలో మైకు. "మూత్రంలో మంటా? చీము కూడా పడుతోందా?" అని ఆయన మామూలుగా అడిగితే పళ్ళ డాక్టరు వరసలో ఉన్నవాళ్ళు కూడా లేదని తలూపేవారు. అందుకని పేషెంటు లోపలికి రాగానే తలుపు వెయ్యడం నా ఉద్యోగంలో మొదటి విధి. ఇక టెక్నీషియన్ గారు సూక్ష్మజీవుల గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. గాజు పలక మీద రంగు వేసి చూసి, "గనేరియా వారు సకుటుంబంగా వేంచేశారండి" అనేవారు.

ఒక రోజు ఆడవాళ్ళ డాక్టరమ్మ గారు ఒక అత్తాకోడళ్ళని మా గదికి పంపారు. కోడలికి పెళ్ళై ఏడాది దాటింది. కింద కడుపులో నొప్పని వాళ్ళు ఆస్పత్రికి రావడం అదేం మొదటిసారి కాదు. అత్తగారు పద్ధతిగా చీర కట్టుకున్న పెద్దావిడ. ఊళ్ళో పేరున్న మందుల షాపు వాళ్ళది. భర్త పోయాక కొడుకే షాపు చూసుకుంటున్నాడు. నేను కోడల్ని ఏమడిగినా అత్తగారే జవాబు చెప్పేది.

"మా కోడలిది వేడి శరీరమండి. పుట్టింట్లో చిన్నప్పట్నించీ కారాలు మప్పేశారు. కొబ్బరి బొండాలు తాగిస్తున్నాను, సబ్జా గింజలు నానేసి ఇస్తున్నాను, పచ్చళ్ళు మాన్పించేశాను. అయినా వేడి దిగట్లేదండి."

మన గోదావరి జిల్లాల్లో వేడి మీదకి నెట్టని రోగం లేదు. కన్ను ఎర్రబడితే వేడి. నోరు పూస్తే వేడి. మూత్రంలో మంట వస్తే వేడి, తెల్లబట్ట అయితే వేడి. బొండాం మీద నాకేం కోపం లేదు, నేనూ తాగుతాను. కానీ ఆ ఒక్క మాట కింద మా గదికి రావలసిన రోగాలన్నీ హాయిగా దాక్కుంటాయి.

"అమ్మా, మీరు బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది?" అని అడిగాను అత్తగారిని. ఆవిడ ఆలోచనలో పడింది. నర్సుని పిలిచి పక్క గదికి పంపించేశాను. అత్తగారిని గదిలోంచి సాగనంపడానికి బీపీ మిషన్‌ని మించిన సాధనం ఇంకా కనిపెట్టలేదు. పిల్లలూ, ఇది మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

తలుపు మూశాక ఆ అమ్మాయి గొంతు బయటికి వచ్చింది.

"కింద కడుపులో ఒకటే లాగుడండి. బట్ట పచ్చగా అవుతుందండి. మేం కలిసినప్పుడు నొప్పండి. తరవాత కొంచెం నెత్తురు కూడా కనపడుతుందండి."

"మీ ఆయనకి చెప్పావా అమ్మా?"

"చెప్పానండి. మందులకి మాకేం లోటు లేదు కదండీ. ఆయనే తెచ్చిస్తారు."

పర్సు జిప్పు తీసి బల్ల మీద పోసింది. అన్నీ కత్తెరతో కత్తిరించిన షీటు ముక్కలు. ఒకదాంట్లో ఒక మాత్ర, ఇంకోదాంట్లో రెండు. ఒక్క ముక్క మీద కూడా మందు పేరు పూర్తిగా లేదు. డాక్టరు గారు చినిగిన ఫొటో అతికించుకుంటున్నట్టు వాటిని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

మన ఊళ్ళ మందుల షాపులు మీకు తెలుసు కదా. కౌంటరు మీద దారానికి కట్టి ఒక కత్తెర ఉంటుంది. చీటీలో ఎన్ని రోజులు రాసినా, "ముందు రెండివ్వండి, తగ్గకపోతే మళ్ళీ వస్తాను" అంటాం. ఆయన చటుక్కున కత్తిరించి ఇస్తాడు. తలనొప్పి మాత్రకైతే ఫరవాలేదు. ఈ రోగాలకి మాత్రం ఆ కత్తెర పాముకి పాలు పోసినట్టే.

"అన్నీ మంచి మందులే. ఒక్కటీ పూర్తిగా వెయ్యలేదు" అన్నారు డాక్టరు గారు. "సగం మందు క్రిమిని చంపదమ్మా. ఈసారి ఎలా తప్పించుకోవాలో దానికి చదువు చెప్పి పంపిస్తుంది."

పరీక్ష చేశారు, స్కానింగు తీయించారు, లోపలి స్రావం తీసి రాజమండ్రి ల్యాబ్‌కి పంపారు. అంతా అయ్యాక ఒక కాగితం మీద గర్భసంచీ, దానికి రెండు పక్కలా రెండు సన్నటి గొట్టాలూ గీసి చూపించారు. ఆ రోజు ఆయన గొంతు నాక్కూడా సరిగ్గా వినపడలేదు.

"ఇన్‌ఫెక్షన్ ఇక్కడిదాకా ఎక్కిందమ్మా. గొట్టాలు వాచాయి. ఇంకా మూసుకుపోలేదు. ఇప్పుడు పూర్తిగా వైద్యం చేస్తే నిలబడతాయని నా నమ్మకం. ఇలాగే సగం సగం మందులతో నెట్టుకొస్తే మూసుకుపోతాయి. అప్పుడు పిల్లలు కష్టం. సగం మూసుకున్నా ప్రమాదమే. గర్భం సంచీలోకి రాకుండా గొట్టంలోనే నిలిచిపోతుంది, అది పగిలితే నీ ప్రాణానికే ముప్పు."

ఆ అమ్మాయి ఆ బొమ్మ వైపే చూస్తూ, "మా అత్తయ్య గారు పిఠాపురం మొక్కుకున్నారండి. మొక్కు తీరాక కూడా కడుపు పండకపోతే ఇంకో సంబంధం సంగతి ఆలోచించాలని మా పెద్దాడబడుచు గారితో ఫోన్‌లో అంటుంటే విన్నానండి" అంది. తరవాత తలెత్తి నన్నడిగింది. "ఇది ఎక్కడ్నించి వస్తుందండి?"

ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పకూడదు, తీర్పు కూడా చెప్పకూడదు. "కలయిక వల్ల ఒకరి నుంచి ఇంకొకరికి వస్తుందమ్మా. ఎవరికి ముందు వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. మీ ఆయన కూడా రావాలి, చూపించుకోవాలి. ఇద్దరూ ఒకేసారి, ఎవరి మందు వాళ్ళు పూర్తిగా వేసుకోవాలి. అంతవరకూ కలవకూడదు. నువ్వొక్కదానివే వేసుకుంటే మళ్ళీ అంటుకుంటుంది."

బల్ల మీది ముక్కల్ని ఏరి పర్సులో వేసుకుంటూ, "ఆయన రారండి" అంది. "ఊరంతా మా షాపులోనే మందులు కొంటారు. ఆయన ఈ గదిలో కనిపిస్తే ఇంక షాపు మూసుకోవడమే అంటారు."

ఆ అమ్మాయి మందు ఆ అమ్మాయికిచ్చాం, రెండు వారాల పూర్తి మోతాదు. మీ ఆయన వస్తే ఆయన మందు ఆయనకి వేరే ఇస్తామని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాను.

ఈలోగా రాజమండ్రి నుంచి ఫలితం వచ్చింది. క్లమీడియా అనే సుఖవ్యాధి. మా టెక్నీషియన్ గారు పెదవి విరిచారు. "ఇదీ కథ. చీము పోయించే గనేరియా కూడా ఎప్పుడో వచ్చే ఉంటుందండీ. ఆ కత్తిరించిన మాత్రలకి గోల చేసే దొంగ పారిపోయాడు, అటక మీద నక్కినవాడు మిగిలిపోయాడు."

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. మొహంలో కాస్త వెలుగుంది.

"మా ఆయన మందు వేసుకున్నారండి!" అంది కూర్చోకుండానే.

"ఆయన రాలేదు కదమ్మా, మందెక్కడిది?"

"మీరిచ్చిందేనండి. ఇద్దరూ వేసుకోవాలన్నారని చెప్పాను. ఆయన కత్తెర తెచ్చి మొత్తం చెరిసగం చేశారండి. నాకే ఒక మాత్ర ఎక్కువిచ్చారు."

డాక్టరు గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చూశారా, ఆ ఇంట్లో ప్రేమకేం లోటు లేదు. కొత్త కాపురంలో అరటిపండు పంచుకున్నట్టు మందు పంచుకున్నారు. షాపు నిండా మందులున్న మనిషి, మాత్ర మాత్రకీ ధర తెలిసిన మనిషి, పెళ్ళాం మందులో సగం తీసుకుని ఒకటి ఎక్కువిచ్చానని సంతోషపడ్డాడు. ఇలాంటి పొరపాటు ఇంకో ఊళ్ళో ఎవరైనా చేస్తారో లేదో నాకు తెలీదు.

ఆ వారం తిరక్కుండానే ఆ అమ్మాయిని జ్వరంతో, కడుపునొప్పితో తీసుకొచ్చి వార్డులో చేర్చారు. సూదులు మొదలుపెట్టారు. ఆడవాళ్ళ డాక్టరమ్మ గారు మా గదికి వచ్చి, "ఈసారి కూడా వైద్యం సగంలో ఆగితే ఆ గొట్టాల మీద ఆశ వదులుకోవాలి. ఆ మొగుణ్ణి ఎలా తెస్తారో మీ ఇష్టం" అని వెళ్ళిపోయారు.

ఎలా తేవాలి? షాపుకి వెళ్ళి అడిగితే పక్కన నలుగురుంటారు. వార్డులో పట్టుకుందామంటే పక్కన వాళ్ళమ్మ ఉంటుంది. ఫోన్ చేస్తే నేనెవరో తెలిసి పెట్టేస్తాడు. భార్య సంగతి నా నోటితో చెప్పకూడదు. ఎటూ తోచక ముగ్గురం మొహాలు చూసుకుంటుంటే టెక్నీషియన్ గారన్నారు, "ఒక్కడు కావాలంటే ఒక్కణ్ణి పిలవకూడదండి. ఊరి బంతి భోజనం పెట్టాలి. మందుల షాపుల వాళ్ళందర్నీ పిలుద్దాం."

ఆలోచన బాగానే ఉంది. యాంటీబయాటిక్ మందులు సగం సగం అమ్మడం వల్ల వచ్చే నష్టం గురించి ఎప్పటికైనా చెప్పవలసిందే కదా. సూపరింటెండెంట్ గారు సరేనన్నారు. చుట్టుపక్కల మందుల షాపులన్నిటికీ కబురు వెళ్ళింది. "ఉప్మా పెసరట్టు ఉందని కూడా చెప్పండి. మూసేసిన షాపుల వాళ్ళు కూడా వస్తారు" అన్నారు టెక్నీషియన్ గారు.

వచ్చారు. హాలు నిండిపోయింది. నా కళ్ళు ఒక్క మనిషి కోసమే వెతుకుతున్నాయి. గుమాస్తాని పంపిస్తాడేమోనని భయం. మీటింగు మొదలయ్యాక వచ్చాడు. చామనఛాయ, ఇస్త్రీ చొక్కా, కడిగిన ముత్యంలా ఉన్నాడు కుర్రాడు. వెనక వరసలో, గుమ్మానికి దగ్గరగా కూర్చున్నాడు.

మా డాక్టరు గారి గొంతుకి సర్వీసులో మొట్టమొదటిసారి తగిన పని దొరికింది. మైకు పక్కన పెట్టేసి మొదలుపెట్టారు.

"మీ కౌంటరు దగ్గరికొచ్చి తల వంచుకుని 'వేడి చేసిందండీ, అదే మందు రెండివ్వండి' అనేవాళ్ళు రోజుకెంతమంది ఉంటారు? ఆ మనిషికి గనేరియా అయితే నాలుగైదు రోజుల్లోనే చీము, మంట వస్తాయి. రెండు మాత్రలు పడగానే మంట తగ్గుతుంది. రోగం పోయిందనుకుంటాడు. దాంతో పాటు క్లమీడియా కూడా ఉంటే అది పోదు. మగవాడికి పైకి ఏమీ తెలియకపోవచ్చు. కొందరికి వృషణం వాస్తుంది. వాళ్ళ ఇంట్లో ఆడమనిషికి కూడా మొదట్లో ఏమీ తెలీదు, లోపల మాత్రం మంట పెడుతూనే ఉంటుంది. తెలిసేసరికి గర్భసంచీ గొట్టాలు మూసుకుపోతాయి. ఇక సిఫిలిస్ అని ఇంకోటుంది. దానిది ఇంకా పెద్ద మోసం. నొప్పి లేని పుండు వస్తుంది, ఏ మందూ వెయ్యకపోయినా మానిపోతుంది. మానింది పుండు, రోగం కాదు. అది నెత్తుటిలో కూర్చుని ఏళ్ళ తరవాత గుండె మీదా మెదడు మీదా పడుతుంది, కడుపులో బిడ్డని కూడా వదలదు. అది ఉందో లేదో చెప్పేది రక్తపరీక్ష, మీ కత్తెర కాదు."

ముందు వరసలోంచి తలపండిన షాపు పెద్దాయనొకరు లేచారు. "నిజమేనండి. కానీ మేం ఇవ్వకపోతే పక్క షాపులో కొంటారు కదండీ?"

"అందుకే కదండీ పక్క షాపుని కూడా పిలిచాం!" అన్నారు డాక్టరు గారు. హాలంతా నవ్వులు. పెద్దాయన కూడా నవ్వుతూ కూర్చున్నారు.

తరవాత టెక్నీషియన్ గారు మైక్రోస్కోపు బల్ల మీద పెట్టి అందర్నీ ఒక్కొక్కళ్ళుగా పిలిచారు. "చూడండి, గులాబి రంగులో జంటలు జంటలుగా, కాఫీ గింజల్లా ఉంటాయి. మీరు రెండు మాత్రలిస్తే చచ్చేది వీళ్ళలో చేతగానివాళ్ళు. బతికినవాళ్ళు కాపురం పెడతారు." జాతరలో బయోస్కోపు చూసినట్టు అందరూ వరసలో నిలబడి చూశారు. మన కుర్రాడి వంతు వచ్చింది. వంగినవాడు ఎంతకీ లేవలేదు. వెనకాల ఉన్నాయన, "ఏంటండి బాబూ, లెక్కపెడుతున్నారా?" అని వేళాకోళం చేస్తే అప్పుడు పక్కకి తప్పుకున్నాడు.

నేను టీలు అందిస్తున్నాను. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టనిపించి చూశాను. అతనే. గ్లాసు తీసుకోలేదు. చుట్టూ చూసి, మెల్లిగా చెయ్యెత్తి బుగ్గ మీద పెట్టుకున్నాడు.

"మేడం గారండీ... నాకు కొంచెం పన్ను నొప్పిగా ఉందండి."

నా సర్వీసులో ఎన్నో పన్ను నొప్పులు విన్నాను. అంత కమ్మటి పన్ను నొప్పి మాత్రం వినలేదు. చేతిలో టీ పళ్ళెం ఎవరికిచ్చానో నాకే తెలీదు. "రండి బాబూ" అన్నాను.

గదిలో తలుపు వెయ్యగానే కుర్చీలో కూర్చుని అంతా చెప్పుకొచ్చాడు. పెళ్ళికి ముందు స్నేహితులతో సరదాగా వెళ్ళిన ఒక ప్రయాణం. వచ్చిన కొద్ది రోజులకి మంట, చీము. షాపులోంచి తనే తీసుకుని రెండు రోజులు మాత్రలు వేసుకున్నాడు, తగ్గిపోయింది. తరవాతెప్పుడో ఒక పక్క వాచింది, మళ్ళీ కత్తిరించుకున్నాడు. అదీ తగ్గింది. తనలో ఇంకేమీ మిగల్లేదనే నమ్మి పెళ్ళి చేసుకున్నాడు.

"మందుల పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతానండి" అన్నాడు. "ఊరందరూ మా కౌంటరు దగ్గరికొచ్చి సిగ్గు విడిచి అడుగుతారు. నేనెక్కడికెళ్ళి అడగనండి? ఆవిడకి నొప్పి మొదలైనప్పుడు నా మనసుకి తెలుస్తూనే ఉందండి. నోరు రాలేదు. ఏదోటి ఇస్తే తగ్గిపోతుందనుకున్నాను." అంత మనిషీ ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

డాక్టరు గారు ఒక్క మాట కూడా తిట్టలేదు. పరీక్షలకి పంపారు. మా టెక్నీషియన్ గారు సిఫిలిస్‌కి, హెచ్.ఐ.వి.కి రక్తం చూసి రెండూ లేవని చెప్పారు. మూత్రం రాజమండ్రి వెళ్ళింది. తరవాత అందులోనూ క్లమీడియాయే తేలింది. ఫలితం దాకా ఆగకుండా ఆ కుర్రాడి మందు, ఆయనకి ఒక్క పూటలో అయిపోయే మోతాదే, అక్కడే, మా కళ్ళ ముందు, మంచినీళ్ళ గ్లాసుతో వేయించారు. మొత్తం. "ఇప్పుడు ఈ సంగతి మీ ఆవిడకి మీరే చెప్పాలి. నేను చెప్పను, నేను చెప్పకూడదు కూడా" అన్నాను. కుర్చీలోంచి లేచి, "పదండి" అన్నాడు.

వార్డుకి వెళ్ళేసరికి అత్తగారు బొండాం కొట్టించుకురావడానికి గేటు దగ్గరికి వెళ్ళింది. అదను చూసుకుని చెప్పేశాడు. నేను మంచం పక్కన తెర దగ్గర నిలబడ్డాను. రమ్మంటే వెళ్ళాలి, పొమ్మంటే పోవాలి, అలా నిలబడ్డాను. ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే వేడి నాది కాదన్నమాట" అంది.

"కాదు" అన్నాడు.

"ఏడాది నించీ నా ఒంటిని నేనే తిట్టుకున్నానండి. మా అమ్మ కారాలు పెట్టి పెంచిందని మా అమ్మని కూడా తిట్టుకున్నాను. అత్తయ్య గారు రాగానే చెప్పండి. రోగం పేరు చెప్పక్కర్లేదు. మీ వల్ల వచ్చిందని చెప్పండి, చాలు."

"అమ్మకా?" అన్నాడు.

"అవునండి. లేదంటే నేను మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మిగతా మందు అక్కడే వేసుకుంటాను."

మందు మానేస్తానని ఆ అమ్మాయి బెదిరించలేదు, చూడండి. మందు పూర్తిగా వేసుకునే తీరుతానని బెదిరించింది. నాకు ఆ క్షణంలో ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది.

అత్తగారు బొండాంతో వచ్చింది. నన్ను చూసి, "మళ్ళీ బీపీ అనకండి మేడం గారూ, మిమ్మల్ని చూస్తేనే పెరుగుతుంది" అంది. కొడుకు లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, "అమ్మా, దీనికొచ్చిన జబ్బు నా వల్ల వచ్చింది. నాకు ముందే ఉంది. దీని తప్పేం లేదు. వేడీ లేదు, ఏమీ లేదు" అన్నాడు.

పెద్దావిడ కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. మందుల షాపు ఇల్లాలు, ఎంత అర్థమవ్వాలో అంతా అర్థమైంది. చేతిలో బొండాం వైపు ఒకసారి చూసుకుని, దాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

"అయితే ఇది నువ్వు తాగు."

తరవాత కోడలి పక్కన మంచం మీద కూర్చుని దుప్పటి సరిచేస్తూ, "రాత్రికి చప్పిడి చారన్నం తెస్తానన్నాను కదా, అక్కర్లేదులే. ఆవకాయ వేసుకుని తిందువుగాని" అంది. ఆ అమ్మాయి నవ్వింది. నొప్పితో కడుపు పట్టుకుని మరీ నవ్వింది. ఆ అబ్బాయి బొండాం తాగుతూ నిలబడ్డాడు, ఇంకేం చెయ్యాలో తెలీక.

అక్కడితో అయిపోలేదు. మందు పూర్తయ్యేదాకా నాకు నిద్ర లేదు. పూర్తయింది. నొప్పి పోయింది. కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్ష చేస్తే ఇద్దరికీ ఏమీ లేదు. గొట్టాల సంగతి మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. "చూద్దాం" అనేవారు డాక్టరమ్మ గారు.

ఒక రోజు పొద్దున్న, వరండా కిటకిటలాడుతుండగా, ఆలుమగలిద్దరూ వచ్చారు. పళ్ళ డాక్టరు బల్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అందరి ముందునుంచీ నడిచి తిన్నగా మా తలుపు తోసుకుని లోపలికొచ్చారు. నెల తప్పిందని చెప్పారు. నాకు సంతోషం కన్నా ముందు భయమేసింది. గర్భం సంచీలో ఉందా, గొట్టంలో చిక్కుకుందా? స్కానింగుకి తీసుకెళ్ళాను. ఆ కుర్రాడు బయట నిలబడి నిజంగానే బుగ్గ మీద చెయ్యేసుకున్నాడు. డాక్టరమ్మ గారు తెర మీద వేలు పెట్టి చూపించారు. "ఇదిగో. సంచీలోనే ఉంది. ఎక్కడుండాలో అక్కడే ఉంది."

నేను వరండాలో పరిగెత్తాను. ఆ వయసులో, ఆ ఒంటితో, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తాను. డాక్టరు గారు "సంచీలోనేనా?" అని అరిచిన అరుపుకి పళ్ళ డాక్టరు గారు బయటికొచ్చారు. టెక్నీషియన్ గారు తాపేశ్వరం కాజాలు తెప్పించి ఆస్పత్రంతా పంచారు. ఎందుకో చెప్పకూడదు కదా, ప్రమోషనొచ్చిందని అబద్ధమాడారు. చాలా రోజులపాటు జనం ఆయనకి అభినందనలు చెబుతూనే ఉన్నారు, ఆయన మొహమాటంగా తీసుకుంటూనే ఉన్నారు. నిజం ప్రమోషన్ వచ్చినప్పుడు మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఈ మధ్య నాకు నిజంగానే పన్ను నొప్పి వచ్చింది. పాత ఆస్పత్రికే వెళ్ళి పళ్ళ డాక్టరు బల్ల మీద బుగ్గ పట్టుకుని కూర్చున్నాను. పాత ఆయా చూసి, నా దగ్గరగా వచ్చి, "మేడం గారూ, మీరు కూడా దాచుకుంటే ఎలాగండీ? ఆ గది అటు కదా" అంది. నవ్వితే పన్ను సలిపింది. పళ్ళ డాక్టరు గారు చూసి, చిగురుకి చీము పట్టిందని దూది పెట్టి యాంటీబయాటిక్ రాశారు. చీటీ పట్టుకుని ఆ మందుల షాపుకే వెళ్ళాను.

కౌంటరులో ఆ అమ్మాయే ఉంది. వెనకాల కుర్చీలో అత్తగారు, ఆవిడ ఒళ్ళో మనవరాలు. ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది గానీ, తెలిసినట్టు మాట్లాడలేదు. పక్కన కొనేవాళ్ళున్నారు మరి. ఈ కథ రాస్తానని అంతకుముందే ఫోన్‌లో అడిగితే, "పేరు లేకుండా రాయండి మేడం, ఇంకెవరికైనా పనికొస్తుంది" అన్నది కూడా తనే.

చీటీ ఇచ్చాను. నోట్లో దూది, మంట, ఆకలి. పైగా సాయంత్రానికల్లా తగ్గిపోతుందన్న ధీమా.

"ముందు రెండివ్వమ్మా, చాలు. తగ్గకపోతే మళ్ళీ వస్తాను" అన్నాను.

అన్నాక గానీ నేనేమన్నానో నాకే వినపడలేదు. ఆ అమ్మాయి షీటు మొత్తం తీసి కవరులో పెట్టి, నా చేతిలో పెట్టింది. దారానికి కట్టిన కత్తెర కౌంటరు మీద అలాగే ఉంది.

"జ్వరం మాత్రకైతే కత్తెర ఉందండి, మేడం గారూ" అంది. "దీనికి లేదు."